అంకెలలో దాగిన దారి

ఆదోనిలో ఉన్నవారికి అది ఎమ్మిగనూరు రోడ్డు. ఎమ్మిగనూరులో ఉన్నవారికి అదే ఆదోని రోడ్డు. పసుపుపచ్చ తల గల మైలురాయి మాత్రం దానిని 167 అంటుంది. తెలుగు బోధకుడనైన నాకు ఆ సంఖ్యలో ఒక వ్యాకరణం కనబడింది.

2010లో కేంద్రప్రభుత్వం జాతీయ రహదారుల సంఖ్యలను తిరిగి కూర్చింది. ఉత్తర దక్షిణాలుగా సాగే ప్రధాన మార్గాలకు సరిసంఖ్యలు. అవి తూర్పునుండి పడమరకు పెరుగుతాయి. తూర్పు పడమరలుగా సాగేవాటికి బేసిసంఖ్యలు. అవి ఉత్తరంనుండి దక్షిణానికి పెరుగుతాయి. శాఖా మార్గమైతే మాతృమార్గపు సంఖ్యకు ముందు మరొక అంకె చేరుతుంది. మన రోడ్డు బళ్ళారి సమీపాన హగరి వద్ద 67వ రహదారినుండి చీలి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరుల మీదుగా సాగుతుంది. 67 ధాతువు, ముందున్న ఒకటి ఉపసర్గ.

ఆ మార్పులోనే కర్నూలు మీదుగా పోయే పాత 7వ రహదారి 44 అయింది. పెద్దల నోట ఇంకా "ఏడో నంబరు రోడ్డు" అన్న మాటే వింటుంటాను. ఆ 7 ఇప్పుడు పంజాబులోని ఫాజిల్కానుండి హిమాలయాలలోని మానా గ్రామానికి పోయే దారిది.

స్థానికునికి పేరు చాలు. పత్తికోసం ఆదోనికి వచ్చే పరరాష్ట్రపు లారీడ్రైవరుకు సంఖ్యయే ఆధారం. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం అట్టి దారి అభివృద్ధి, నిర్వహణల బాధ్యత కేంద్రప్రభుత్వానిది. గుంతలో బస్సు కుదిపినప్పుడు విసుగుకొనే విద్యార్థులారా! విసుగు మాని అర్జీ వ్రాయండి. అందులో ఊరిపేరుతోబాటు ఆ సంఖ్యనూ వ్రాయండి. ఎవరిని అడగవలెనో ఆ మూడంకెలే చెబుతాయి.