ఎక్స్‌రేలో అప్పన్న ముడుపు

మా ఉద్దానంలో రక్తపరీక్ష కాగితం చేతికొస్తే అందరూ ముందు వెతికేది ఒకే అంకె. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా "క్రియాటిన్ ఎంతొచ్చింది?" అనే అడుగుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు తొంగిచూడని వీధి లేదు. నీళ్ళన్నారు, మట్టన్నారు, పురుగుమందులన్నారు. కారణం ఇదీ అని గట్టిగా తేల్చిన వాళ్ళు లేరు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. అంతకు ముందు పెద్ద డాక్టరుకు చూపించాలంటే విశాఖకో, బరంపురానికో రైలెక్కాల్సిందే. మా మేనమామ ఆ జబ్బుతోనే పోయాడు. మోకాలి ఆపరేషన్‌కని అమ్మను విశాఖ తీసుకెళ్ళినప్పుడు జరిగిన సంగతి చెప్పాలంటే ఈ భయం దగ్గరే మొదలుపెట్టాలి.

అమ్మ మోకాళ్ళు చాలాకాలంగా బాగోలేవు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరి తోటను పడుకోబెట్టేసింది. తర్వాత కొత్త మొక్కలు నాటింది, వాటి పాదులు చేసింది, నీళ్ళు మోసింది అమ్మే. ఆ గొంతుక్కూర్చునే పనులతో ఉన్న నొప్పి ముదిరింది. ఊళ్ళో మందులషాపులో ఇచ్చిన నొప్పి బిళ్ళలు వేసుకుంటూ నెట్టుకొచ్చింది. విశాఖలో ఎముకల డాక్టరు గారు మొట్టమొదట అడిగిందే ఆ బిళ్ళల గురించి. ఎన్నాళ్ళుగా వాడుతున్నారు, రోజుకెన్ని అని. అవి ఎక్కువైతే కిడ్నీల మీద పడతాయని, ఆపరేషన్ తర్వాత ఇచ్చే మందులు కూడా రక్తపరీక్ష చూశాకే నిర్ణయిస్తామని మామూలుగా చెప్పారాయన. అమ్మ మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. తర్వాత ఆయన ఎంత వివరంగా చెప్పినా ఆమె చెవిన పడలేదని ఇప్పుడు తెలుస్తోంది.

పరీక్షలకు రమ్మన్న తేదీకి ముందురోజు సోంపేటలో రైలెక్కాం. నాన్న తోట దగ్గర ఉండిపోయాడు. పలాసలో జీడిపప్పు పొట్లాలవాళ్ళు ఎక్కి దిగారు. శ్రీకాకుళం రోడ్డు దాటాక అమ్మ కాస్త కునుకు తీసింది. కొత్తవలస వచ్చేసరికి మాత్రం లేచి కూర్చుని, కిటికీలోంచి కొండ కోసం చూడటం మొదలుపెట్టింది. సింహాచలం స్టేషన్లో చేతులు జోడించి పెదవులు కదుపుతూ ఉండిపోయింది. మా వైపు ఏ కష్టమొచ్చినా అప్పన్నకు మొక్కుకోవడం, గట్టెక్కాక కోడెదూడనో ముడుపునో తెచ్చి ఇవ్వడం తాతల నాటి నుంచీ ఉన్నదే. అందుకని నేనేమీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే పరగడుపున ఆసుపత్రికి చేరాం. రక్తం, మూత్రం, ఎక్స్‌రే, ఈసీజీ, గుండెకు టూడీ ఎకో, పళ్ళ డాక్టరు, ఆఖర్న మత్తు డాక్టరు. కొత్త కీలు పెట్టాక ఒంట్లో ఎక్కడ చీము ఉన్నా ప్రమాదమేనట, పంటి చిగుళ్ళు కూడా చూడాలట. రక్తం తీస్తుంటే అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. సూదికి భయపడే మనిషి కాదు.

తర్వాత ఛాతీ ఎక్స్‌రే. నగలన్నీ తీసేయమని ఆయా చెప్పింది. అమ్మ మంగళసూత్రాలు తీసింది, వాటికి వేలాడే పిన్నీసుల గుత్తి తీసింది, గాజులు, చెవి దిద్దులు తీసి నా రుమాల్లో మూట కట్టింది. మెడ బోసిగా ఉండకూడదని, ఇంటి దగ్గరే సిద్ధం చేసుకున్న పసుపుతాడు వేసుకుంది. దానికి పసుపుకొమ్ము కట్టి ఉంది. ఆయా అది చూసి, దారమే కదా ఉండనివ్వమంది. ఆసుపత్రి గౌను తొడిగి లోపలికి తీసుకెళ్ళింది. నేను తలుపు బయట నిలబడ్డాను.

పలకకు ఛాతీ ఆనించి, చేతులు నడుం మీద పెట్టి, గట్టిగా ఊపిరి తీసుకుని బిగబట్టమన్నాడు ఎక్స్‌రే అబ్బాయి. వెంటనే యంత్రం కీచుమంది. ఆ తర్వాత చాలాసేపు చడీచప్పుడూ లేదు. కాసేపటికి తలుపు తీసి నన్ను లోపలికి రమ్మన్నాడు.

తెర మీద అమ్మ పక్కటెముకలు, గుండె నీడ, వాటి నడుమ రెండు గుండ్రని తెల్లని బిళ్ళలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకదాని మీదికొకటి సగం ఎక్కి ఉన్నాయి. ఎముకల కంటే ఎంతో తెల్లగా, అంచులు గీత గీసినట్టున్నాయి. నా గుండె ఝల్లుమంది.

"మామ్మగారూ, గుండె ఆపరేషన్ ఏమైనా అయిందా?" అడిగాడతను.

"నేదు నాయినా."

"పోనీ ఎప్పుడైనా డాక్టర్లు ఒంట్లో ఏమైనా పెట్టారా?"

"ఎట్టినారు."

అతను కుర్చీలోంచి లేచాడు. "ఎక్కడ పెట్టారు?"

"కంట్లో."

శుక్లాల ఆపరేషన్‌లో పెట్టిన అద్దం సంగతి ఆమె చెప్పింది. ఆయా ఫక్కున నవ్వింది. అతను నవ్వలేదు. పేస్‌మేకర్ లాంటిది ఉంటే ఆపరేషన్‌లో రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం దాన్ని తికమక పెడుతుందని, అందుకే అడుగుతున్నానని నాకు ఓపికగా చెప్పాడు. మళ్ళీ అమ్మ వైపు తిరిగి, "ఎప్పుడైనా రూపాయి బిళ్ళ మింగారా?" అన్నాడు.

"మింగడానికి నానేటి సంటిపిల్లనేటి?" అంది అమ్మ. అని, మా ముగ్గురి ముఖాలూ చూసింది. గొంతు తగ్గించి, "కిడ్నీయా నాయినా?" అని అడిగింది.

"కిడ్నీలు ఇందులో కనబడవు మామ్మగారూ, ఇది ఛాతీ," అన్నాడతను. ఆ జవాబు చెప్పిన తీరులో ఎంతో మర్యాద ఉంది. ఇలాంటి చోట విసుక్కున్నవాళ్ళను నేను చాలామందిని చూశాను.

పక్కనుంచి ఇంకో ఫిల్ము తీస్తే ఆ బిళ్ళలు ఎంత లోతులో ఉన్నాయో తెలిసిపోతుందన్నాడు. అమ్మను పక్కకు తిప్పి నిలబెట్టి, చేతులు రెండూ తలపైకి ఎత్తమన్నాడు. ఈసారి తెర మీద బిళ్ళలు లేవు, రెండు సన్నని తెల్లగీతలున్నాయి. అవి కూడా రొమ్ము ఎముకకు ముందు, ఒంటికి బయట.

"మామ్మగారూ, ఇది మీ లోపల లేదు, బయటుంది!" అని అప్పుడు నవ్వాడతను.

గౌను మెడ దగ్గర ఆయా చెయ్యి పెట్టి చూస్తే, పసుపుతాడుకే పసుపుకొమ్ము కింద చిన్న పసుపుగుడ్డ మూట. పదకొండు రూపాయలు: ఒక పది రూపాయల బిళ్ళ, ఒక రూపాయి బిళ్ళ. అప్పన్న ముడుపు. నగలు తీయమంటే అమ్మ అన్నీ తీసింది. ముడుపు నగ కాదు, దేవుడి సొమ్ము. దాన్ని తీయమన్నట్టు ఆమెకెందుకు తోస్తుంది?

విప్పడానికి మాత్రం ఆమె ససేమిరా ఒప్పుకోలేదు. మొక్కు తీరకముందు ముడి విప్పకూడదు. అతను వాదించలేదు. విప్పొద్దు, మెడలోంచి తీసి మీ అబ్బాయి చేతికివ్వండి, ఫిల్ము తీయగానే వేసుకుందురు అన్నాడు. నేను చేతులు కడుక్కొచ్చాను. "కింద ఎట్టకు," అంటూ నా దోసిట్లో పెట్టింది. మూడో ఫిల్ము శుభ్రంగా వచ్చింది.

బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగాను, మోకాలి కోసమేనా ఇంత దిగులు అని. "మోకాలికి కాదురా. ఆ రగతం పరీచ్చకి," అంది. "మీ మావయ్యకి కూడా కాళ్ళ నొప్పులనే బిళ్ళలేసినారు కదా." మోకాలు కోసేది, ఎముక చెక్కేది, నెలల తరబడి నడక నేర్చుకోవాల్సింది ఆమెకసలు లెక్కలోనే లేవు. ఆ ఒక్క అంకె కోసం సోంపేట నుంచి ముడుపు మోసుకొచ్చింది. తెర మీద మేమంతా చూసి కంగారుపడింది దాన్నే.

మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. క్రియాటినిన్ 0.9. ఆడవాళ్ళకు ఉండాల్సిన హద్దులోనే ఉంది. నా చేత రెండుసార్లు చదివించుకుని, క్యాంటీన్‌కు వెళ్ళి తృప్తిగా ఉప్మా తింది.

మత్తు డాక్టరు సరేనన్నాక కుడి మోకాలికి ఆపరేషన్ జరిగింది. నొప్పికి ఏ మందులివ్వాలో చూసుకుని ఇచ్చారు. తర్వాత కొత్త కీలు సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి చక్రాల కుర్చీలో అదే ఎక్స్‌రే గదికి తీసుకెళ్ళాం. అదే అబ్బాయి.

"మామ్మగారూ, ముడుపెక్కడ?"

"మావోడి జేబులో ఉంది నాయినా. నాను నడిసినాక కొండకెల్లి ఇస్తాను."

ఫిల్ము రాగానే తెర ఆమె వైపు తిప్పాడు. తొడ ఎముక చివర, కాలి ఎముక మీద, తెల్లగా మెరుస్తున్న లోహం. రెండింటి మధ్య ప్లాస్టిక్ ముక్క ఉన్నచోట ఏమీ కనబడక ఖాళీగా ఉంది.

"ఇదేటి, ఇంత తెల్లగుంది?" అంది అమ్మ.

"ఇదే మీకు పెట్టింది. ఇది బయటలేదు మామ్మగారూ, లోపలే ఉంది."

అమ్మ కాసేపు ఆలోచించింది. "మరైతే ఇకనించి ఎవులైనా అడిగితే కంట్లో, మోకాల్లో రెండు సోట్ల ఎట్టినారని సెప్పాలేటి?"

"తప్పకుండా చెప్పాలి," అన్నాడతను.