మిషన్ పీక్‌ను లేపిన పగులు

ఫ్రీమాంట్‌లో ఉండే తెలుగువాళ్లలో మిషన్ పీక్ ఎక్కనివాళ్లు తక్కువ. ఎత్తు 2,517 అడుగులు. చలికాలం వానలకి పచ్చగా మెరుస్తుంది, మే నెల వచ్చేసరికి ఎండుగడ్డి రంగుకి తిరుగుతుంది. ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే కింద నుంచే చూపించి ఫొటో తీస్తాం. ఇళ్ల ప్రకటనల్లో "హిల్ వ్యూ" అని రాసి దానికో ధర కలుపుతారు. ఆ కొండ అక్కడికి ఎలా వచ్చిందో మాత్రం ఏ ప్రకటనలోనూ ఉండదు.

నేను బీఎస్సీలో జియాలజీ చదివాను. పెళ్లయి ఇక్కడికి వచ్చాక ఆ చదువు వాడే అవసరం పెద్దగా రాలేదు, పోయినేడు ఇల్లు కొందామని తిరగడం మొదలుపెట్టేదాకా. మాకు బాగా నచ్చిన ఒక ఇంటి కాగితాల కట్టలో "ఎర్త్‌క్వేక్ ఫాల్ట్ జోన్" అన్న గడి దగ్గర "అవును" అని టిక్ ఉంది. తూర్పు వాకిలి, వాస్తు బాగుంది, స్కూలు దగ్గర. మా వారు "ఈ ఊరంతా అంతే కదా" అన్నారు. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం తేల్చుకోవడానికి నెల రోజుల పాటు ప్రతి శనివారం పిల్లని, అత్తమ్మని వెంటేసుకుని తిరిగాను.

మనం నిలబడే నేల ఒకే ముక్క కాదు. పెద్ద పెద్ద రాతి ఫలకాలు కిందనున్న వేడి పొర మీద మెల్లగా కదులుతుంటాయి. కాలిఫోర్నియాలో పసిఫిక్ ఫలకం ఉత్తర అమెరికా ఫలకాన్ని రాసుకుంటూ వాయవ్యంగా పోతోంది, ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు. మన గోళ్లు పెరిగే వేగానికి కాస్త ఎక్కువ. లాస్ ఏంజిలస్ ఉన్నది పసిఫిక్ ఫలకం మీద, కాబట్టి ఇలాగే సాగితే కోటిన్నర ఏళ్లకి అది శాన్‌ఫ్రాన్సిస్కో పక్కకి వస్తుందని లెక్క. ఈ రాపిడంతా ఒక్క గీత మీద పడదు. ప్రధానమైనది శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్. 280 మీద వెళ్తున్నప్పుడు పొడుగ్గా కనిపించే క్రిస్టల్ స్ప్రింగ్స్ నీళ్లు ఉన్నది దాని లోయలోనే. మిగిలిన కదలికలో ఒక వాటా హేవర్డ్ ఫాల్ట్‌ది, ఇంకొకటి కలవరాస్ ఫాల్ట్‌ది. మిషన్ పీక్ ఈ రెండిటి మధ్య ఉంది. కదలిక ఒక పగులు నుంచి ఇంకో పగులుకి మారేచోట నేల నొక్కుకుపోయి, చీర కుచ్చిళ్లు దగ్గరికి తోస్తే పైకి లేచినట్టు, లేచింది. హిల్ వ్యూకి కట్టే డబ్బు నిజానికి ఆ పగుళ్లు చేసిన పనికే.

మొదట హేవర్డ్ ఊళ్లోకి వెళ్లాం. ఇక్కడ ఫాల్ట్ భూకంపం కోసం ఆగకుండా కొంచెం కొంచెంగా జారుతూనే ఉంటుంది, ఏడాదికి సుమారు 5 మిల్లీమీటర్లు. పేవ్‌మెంట్ల సిమెంటు అంచులు అందుకే పక్కకి జరిగి ఉంటాయి. రోజ్, ప్రాస్పెక్ట్ వీధుల మూల దగ్గర అలా జరిగిన అంచును భూగర్భ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఫొటోలు తీస్తూ వచ్చారు. 2016లో నగరపాలక సిబ్బంది ఆ మూలను బాగుచేసి కొత్త సిమెంటు పోసేశారు. పాపం, వాళ్లకది పాడైన ఫుట్‌పాతే మరి. బర్క్‌లీ యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియం సరిగ్గా ఈ ఫాల్ట్ మీదే ఉంది. 2012లో పూర్తయిన మరమ్మత్తులో గీత మీదున్న గ్యాలరీ భాగాలను మిగతా కట్టడం నుంచి విడదీసి, నేల జరిగితే అవీ జరిగేలా కట్టారు.

మెల్లగా జారుతోందంటే ఒత్తిడి తీరిపోతోందని కాదు. పైపొర జారుతున్నా లోతున రాయి పట్టుకుని ఉంటుంది. చీపురుపుల్లను రెండు చేతులతో వంచండి. కాసేపు వంగుతుంది, తర్వాత ఠపీమని విరిగి రెండు ముక్కలూ తిన్నగా అవుతాయి. 1906 భూకంపాన్ని పరిశీలించి హ్యారీ రీడ్ అనే శాస్త్రవేత్త చెప్పిన సిద్ధాంతం దాదాపు ఇదే.

నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలిన చోటు ఫ్రీమాంట్ బార్ట్ స్టేషన్ పక్కనున్న టూలీ పాండ్. మనలో చాలామంది దాని పక్కనుంచే రైలెక్కి ఆఫీసుకి పోతారు. ఫాల్ట్ పాయలు పక్కకి తప్పుకున్నచోట మధ్య నేల కుంగి ఏర్పడ్డ మడుగు అది. అక్కడ కందకాలు తవ్వి, మట్టి పొరలు ఎక్కడెక్కడ తెగాయో లెక్కపెట్టి, గత 1,900 ఏళ్లలో పన్నెండు పెద్ద భూకంపాల గుర్తులు పట్టారు. సగటున 160 ఏళ్లకొకటి. కచ్చితమైన గడువు కాదు, కొన్ని తొందరగా వచ్చాయి, కొన్ని ఆలస్యంగా. చివరిది 1868 అక్టోబర్ 21న వచ్చింది, మిషన్ శాన్ హోసే చర్చి కూలింది అప్పుడే. ఇప్పుడున్నది 1985లో తిరిగి కట్టింది. బే ఏరియా మొత్తంలో 2014 నుంచి 2043 లోపు 6.7 లేదా అంతకు మించిన భూకంపం రావడానికి 72 శాతం అవకాశం ఉందని అమెరికా భూగర్భ సర్వే అంచనా.

అత్తమ్మది కొత్తగూడెం. ఈ అంకె విని, "ఇంత దూరమొచ్చి పగులు మీద ఇల్లు కొనుడేందమ్మా?" అన్నారు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం భూకంపం వచ్చినప్పుడు ఆవిడ చిన్నపిల్లట, గూట్లో గిన్నెలు మోగాయని గుర్తు. దాని తీవ్రత 5.7. మన దక్కన్ ఫలకం అంచుకి చాలా దూరం. భారత ఫలకం కూడా ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి నెట్టుకుపోతోంది గానీ, ఆ ఒత్తిడి ఎక్కువగా హిమాలయాల దగ్గర తీరుతుంది. మన దగ్గర పాత పగుళ్లలో ఎప్పుడో ఒకసారి కదులుతుంది, 2024 డిసెంబర్‌లో ములుగు దగ్గర కదిలినట్టు.

ఆఖరి శనివారం పాయింట్ రేయస్ వెళ్లాం, మా ఇంటి నుంచి రెండు గంటల దారి. బేర్ వ్యాలీ దగ్గర ఎర్త్‌క్వేక్ ట్రెయిల్ అని చిన్న చదును బాట ఉంది, మైలు కూడా ఉండదు. స్ట్రోలర్ పోతుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లూ నడవచ్చు. శాన్ ఆండ్రియాస్ గీత పొడుగునా నీలం కర్రలు పాతారు. 1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున 5:12కి విడిపోయిన కంచె నమూనా ఒకటి నిలబెట్టారు. వరసగా వస్తున్న కంచె గీత దగ్గర ఆగిపోయి, పదహారు అడుగుల అవతల మళ్లీ మొదలవుతుంది. మా అమ్మాయి ఈ కొస నుంచి ఆ కొసకి అడుగులేసి లెక్కపెట్టింది. అప్పట్లో ఒక ఆవు పగుల్లో పడి తోక మాత్రమే పైకి మిగిలిందని కథ చెబుతారు. అత్తమ్మకి వెంటనే సీతమ్మ తల్లి గుర్తొచ్చింది. ఈ ఫాల్ట్ నోరు తెరిచి మింగే రకం కాదు, పక్కకి జరిగే రకం అని నేను చెప్పినా ఆవిడ పెద్దగా ఒప్పుకోలేదు.

ఆ కంచె ముందు నిలబడ్డాక ఇంటి సంగతి తేలింది. కాగితంలోని ఫాల్ట్ జోన్ చెప్పేది నేల చీలే ప్రమాదం గురించి. 1972 చట్టం ప్రకారం ఇక్కడ కొత్త కట్టడాలను సాధారణంగా గీతకి 50 అడుగులు ఎడంగా కడతారు, అమ్మేవాళ్లు ఆ సంగతి చెప్పి తీరాలి. మేం చూసిన ఇల్లు అంతకు ముందెప్పుడో కట్టింది. ఏ పునాదీ పదహారు అడుగుల చీలికను తట్టుకోదు. హేవర్డ్ ఫాల్ట్ చీలిక అంత ఉండకపోవచ్చు, నాలుగైదు అడుగులైనా ఇంటికి చాలు. కుదుపు మాత్రం జోన్ బయటా ఉంటుంది, మెత్తటి నేల మీద ఇంకా ఎక్కువ. 1989 భూకంప కేంద్రం శాంటాక్రూజ్ కొండల్లో ఉంటే, ఎక్కువమంది చనిపోయింది ఎంతో దూరాన ఓక్లాండ్‌లో, బురదనేల మీద కట్టిన రెండంతస్తుల ఫ్రీవే కూలి. కాబట్టి గీత నుంచి పారిపోయి బే ఒడ్డున మెత్తటి మట్టి మీద కొనడం తెలివని నేననుకోను.

తూర్పు వాకిలి ఇల్లు వదులుకున్నాం. మా వారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. గీతకి మైలున్నర దూరంలో, అటు బే మట్టి దాకా పోకుండా, 1970ల నాటి చెక్క ఇల్లు తీసుకున్నాం. వాకిలి ఉత్తరం. గోడల అడుగు చెక్కను పునాదికి బోల్టులతో బిగించారో లేదో ఇన్‌స్పెక్టర్ చేత టార్చి వేయించి చూపించుకున్నాను. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ భూకంపానికి పనికిరాదు, విడిగా తీసుకోవాలి. అది ఖరీదే, తీసుకున్నాం. వాటర్ హీటర్‌కి పట్టీలు బిగించాం. ప్రతి మంచం కింద ఒక జత బూట్లు పెట్టాం, గాజు పెంకులు గుచ్చుకోకుండా. గ్యారేజీలో నీళ్ల డబ్బాలున్నాయి. అత్తమ్మ వెళ్లేముందు ఆవకాయ జాడీని పై అర నుంచి తీసి, తనే కింది అరలో పెట్టి వెళ్లారు.