సెల్లార్‌లో పెట్టి తాళం వేసినది

ఈసారి వీసాల గురించి, జీతాల గురించి కాదు. కొంచెం పెద్ద పోస్టు. డ్యూటీ దిగినాక తీరుబడిగా చదవండి.

పోయిన నెల మా సైట్లో స్లాబ్ పోసే ముందు రోజు చూస్తే, ఒక మూల కడ్డీల కింద కవర్ బ్లాకులు లేవు. ఆ పని చేసింది మన తెలుగు పిల్లోడే, వచ్చి మూడు నెలలు. అందరి ముందర తిట్టినా. తప్పు చిన్నది, తిట్లు పెద్దవి. మూడు రోజులకు ఒక ప్రాప్ వదులైంది. వాడు చూసినాడు, నాకు చెప్పలేదు. మళ్లీ తిడతానేమోనని భయం. ఇంకొకాయన చూసి బిగించినాడు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాతో పనిచేసే తుర్కీ పెద్దాయన ఒకరున్నారు. అందరం ఆబీ అని పిలుస్తాం, అంటే అన్న అని. ఆయన ఒకే మాట అన్నాడు: "అరిచింది నీ నఫ్స్."

ఆ మాట నాకు కొత్త కాదు. మాది కడప. మా నాయన ఏటా పెద్ద దర్గా ఉరుసుకు తీసుకుపోయేవాడు. మేం ముస్లింలం కాదు, కడపలో అది ఎవరడుగుతారు! మాట విన్నా గానీ అర్థం తెలీదు. ఆబీ చెప్పినాడు. నఫ్స్ అంటే మన లోపలి 'నేను'. మొదట్లో అది చెడుకు ఉసిగొల్పుతుంది, అది అమ్మారా. తర్వాత తనను తానే నిలదీసుకుంటుంది, లవ్వామా. కుదుటపడితే ముత్మయిన్నా. ఈ మాటలు ఖురాన్‌లో ఉన్నవే. ఆయన దేశంలో హల్వెతీ సూఫీలు కలల్ని గురువుకు చెప్పుకుంటారంట. కలను బట్టి శిష్యుడు ఏ మెట్టు మీద ఉన్నాడో గురువు చూస్తాడంట.

ఆబీ కూతురు సైకాలజీ చదువుతోంది. ఆ పాప చెప్పింది విని ఆశ్చర్యపోయినా. 1909 ఆగస్టులో ఫ్రాయిడ్, యూంగ్ అమెరికా ఓడ ఎక్కే ముందు కలిసింది మన బ్రెమెన్‌లోనే. భోజనాల దగ్గర యూంగ్ బురదనేలల్లో దొరికే పాత శవాల గురించి ఆపకుండా మాట్లాడుతుంటే, ఫ్రాయిడ్ స్పృహ తప్పి పడిపోయినాడు. నేను చావాలని నీ మనసులో ఉంది, అందుకే ఆ మాటలు అన్నాడు. ఇక్కడి పెద్ద చర్చి కింద కూడా ఎండిపోయిన శవాలు దొరికినాయి. వాటిలో ఒకటి పైకప్పు పనిలో జారిపడిన మేస్త్రీదని జనం చెప్పుకునేవాళ్లు.

ఓడలో ఇద్దరూ ఒకరి కలలు ఒకరికి చెప్పుకున్నారు. యూంగ్ కలలో ఒక ఇల్లు. పైఅంతస్తు బాగుంది, కింది అంతస్తు ఇంకా పాతది, దాని కింద సెల్లార్ రోమన్ల కాలం నాటిది, అడుగున గుహ, అందులో రెండు పుర్రెలు. మన పనోళ్లకు ఈ కల చెప్పకుండానే అర్థమవుతుంది కదా! మనలో మనకు నచ్చనిదాన్ని కింద పడేస్తాం, అదే ఎదుటోడి ముఖంలో కనిపించి కోపమొస్తుంది. యూంగ్ దానికి పెట్టిన పేరు నీడ.

సూఫీలు, యూంగ్ ఒకటే చెప్పినారని నేననను. వాళ్లకు చివర్లో దేవుడున్నాడు, ఈయన మనిషి మనసు దగ్గరే ఆగినాడు. దీపం పట్టుకుని కిందికి దిగాలనే దాంట్లో మాత్రం ఇద్దరిదీ ఒకటే దారి.

నేనూ దిగి చూసుకున్నా. కువైట్‌లో నా మొదటి ఏడాది. నేనూ కవర్ బ్లాకులు మరిచిపోయినా. ఫోర్‌మన్ అందరి ముందర నా హెల్మెట్ తీసి విసిరేసినాడు. ఇరవై ఏళ్లుగా ఇది ఎవరికీ చెప్పలేదు, మా ఆడమనిషికి కూడా.

ఆ ఓడలోనే ఫ్రాయిడ్ తన కల గురించి పూర్తిగా చెప్పనన్నాడంట, తన పెద్దరికం పోతుందని. యూంగే తర్వాత రాసుకున్నాడు. నాకూ అదే భయం. సూపర్‌వైజర్ అన్నోడు పిల్లోడి ముందర చులకనైతే రేపు మాట వింటాడా?

అయినా శుక్రవారం టీ తాగేటప్పుడు వాడిని పక్కకు పిలిచి హెల్మెట్ సంగతి చెప్పినా. తలొంచుకుని విన్నాడు. చాలాసేపటికి అడిగినాడు: "అన్నా, మరి ఆ హెల్మెట్ నువ్వే పోయి తెచ్చుకున్నావా?"

అవునన్నా. సోమవారం పొద్దున వాడే వచ్చి, రెండో వరసలో ఇంకో ప్రాప్ చూడమన్నాడు.