గానము చేయు అపరాధపరిశోధకుడు

రోగపీడితుడైన రచయిత కథ యొకటి ఈ నడుమ చూచితిని. ఆంగ్ల నాటకకర్త డెన్నిస్ పాటర్ దీనిని రచింపగా, 1986లో బి.బి.సి. వారు ఆరు భాగములుగా టెలివిజనులో ప్రదర్శించిరి. పాటరు 1994లో మరణించెను. అతడు వ్రాసియుంచిన రచన ననుసరించియే 2003లో అమెరికాలో చలనచిత్రముగా వెలువడినది. రెండు గంటలలోపున ముగియు ఆ చిత్రమున బాల్యకథకు చోటు చాలలేదు. కావున నాకు మొదటిదే రుచించినది. పిల్లలకు చూపదగినది కాదని తల్లిదండ్రులకు ముందుగనే విన్నవించుచున్నాను.

కథానాయకుడు ఫిలిప్ మార్లో అపరాధపరిశోధక నవలలు వ్రాయువాడు. ఒడలెల్ల పొలుసులు గట్టి, కీళ్లు బిగిసి, కలము పట్టజాలక ఆసుపత్రిలో పడియుండును. అది సోరియాసిస్ అను వ్యాధి. అంటువ్యాధి కాకున్నను జనులు దూరముగా తొలగుదురు. పాటరు సైతము యౌవనము మొదలు దానితోనే బ్రతికెను గావున, మార్లో నోటి పరుషవాక్యములు కల్పితములుగా తోచవు. జ్వరము హెచ్చినప్పుడు వైద్యులు పాటలు పాడి నాట్యమాడుచున్నట్లు అతనికి కనబడును. తన నవలలోని పరిశోధకుడు తానే యగును. అంతలో బొగ్గుగనులుగల అడవిసీమలోని చిన్ననాటి బడి కనబడును.

ఆ బడి ఘట్టమే నన్ను విడువకున్నది. ఉపాధ్యాయిని బల్లను ఫిలిప్పు రహస్యముగా మలినము చేయును. ఆమె గద్దించి యడుగగా, వణకుచు మార్క్ బిన్నీ యను సహపాఠి పేరు చెప్పును. అబద్ధమాడినవాడు ఒక్కడే యైన కథ అంతటితో తీరిపోయెడిది. కాని తక్కిన పిల్లలును, ఏమియు చూడనివారు, ఒకరి వెంట నొకరు లేచి తామును చూచితిమందురు! నిరపరాధి దెబ్బలు తినును. ఆ బిన్నీ పెద్దవాడై మతి చలించెనని, ఎన్నియో యేండ్ల పిమ్మట మార్లో మనోవైద్యుని యెదుట చెప్పి విలపించును.

ఒప్పుకొన్నందున చర్మరోగము మానునా? మానదు, లేపనములును మందులును వలయును. పాటరును అట్లు చెప్పలేదు. తుదకు మార్లో లేచి, టోపీ ధరించి, భార్యతో ఆసుపత్రి విడిచి నడచిపోవును. అది సంతోషకరమే. నాకు మాత్రము ఆ నడకకంటె, చేతులెత్తి సాక్ష్యము పలికిన ఆ తరగతియే కన్నుల గట్టినది. ఉపాధ్యాయుడను గదా! “ఎవరు చేసిరి?” అను ప్రశ్నను నిండు తరగతిలో అడుగుట మానితిని. ఒక్కొక్కనిని వేరుగా పిలిచి అడుగుచున్నాను. కాలము ఎక్కువ పట్టుచున్నది.