రేగొండలో రగ్బీ అభిమాని

రగ్బీ అంటే నాకు ప్రాణమని చెబితే మా రేగొండ బజారులో మొదట ఎదురయ్యే ప్రశ్న “అది తినేదా, తాగేదా?” అని. తప్పు వారిది కాదు. పత్తి, మిరప పండే ఈ నేలమీద సెలవు వచ్చిందంటే గీసేవి కబడ్డీ గీతలే. నేనూ ఆ కూత వింటూ పెరిగినవాణ్ణే. అందుకే కాబోలు, సెల్‌ఫోను తెరమీద ఏడుగురేసి ఆడే రగ్బీని తొలిసారి చూచినప్పుడు అది నాకు పరాయి ఆటగా తోచలేదు. కబడ్డీలోనూ జట్టుకు ఏడుగురే. మీదపడి పట్టి పడగొట్టడం రెండింటా ఉన్నదే. అయితే రగ్బీలో చేతితో బంతిని ముందుకు విసరరాదు. పక్కవానికో, వెనుకవానికో అందించవలె. పరుగు మాత్రం ముందుకే. ఎదుటివారి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే 5 పాయింట్లు, ఆపై స్తంభాల నడుమ అడ్డుకర్ర మీదుగా తన్నితే మరి 2. చూచి ఆనందించడానికి ఈమాత్రం తెలిస్తే చాలును.

2016లో రియో ఒలింపిక్సులో ఏడుగురి రగ్బీ తొలిసారి ప్రవేశించగా, ఫిజీ జట్టు ఫైనలులో బ్రిటనును 43-7తో ఓడించింది. పది లక్షల జనం కూడా లేని ఆ ద్వీపదేశానికి ఒలింపిక్సులో అదే మొట్టమొదటి పతకం. 1903 నుండి మద్రాసు రేవు మీదుగా చెరకుతోటల పనికి ఆ దేశం వెళ్ళిన కూలీలలో మన తెలుగువారూ ఉన్నారన్నది నాకు అదనపు సంతోషం. గెలిచిన ఆటగాళ్ళు మైదానంలోనే ఒకచోట గుమికూడి భక్తిగీతం పాడారు. న్యూజీలాండు వారైతే ఆటకు ముందే తొడలు చరిచి, నేల అదిరేలా ‘హాకా’ ఆడుతారు. పీరీల పండుగనాడు మతభేదం లేకుండా గుండం చుట్టూ డప్పుకు అడుగు కలిపిన మనకు ఇది అర్థం కాకపోదు.

ఇక మా ఇంటి సంగతి. దాదా యౌవనంలో హైదరాబాదులో ఒక బేకరీలో పనిచేశారు. ఆ రోజుల్లో నగరానికి ఫుట్‌బాల్ పిచ్చి. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు శిక్షణలో మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడే రహీం సాహెబు కాన్సరుతో కన్నుమూశారు. దాదా దృష్టిలో బంతి ఆట అక్కడితో ముగిసింది.

రెండేళ్ళ క్రితం దాదాకు పక్షవాతం వచ్చి, కుడిచేయితోపాటు మాట కూడా పడిపోయింది. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండండి అన్నారు వైద్యులు. ఏమని మాట్లాడించేది? మందులు, మూత్రం, జావ — ఇవి మాటలా! సాయంత్రం ముజ్తబా హుస్సేన్ హాస్యవ్యాసాలు ఉర్దూలో చదివి వినిపించేవాణ్ణి. పెదవి ఒకవైపే నవ్వేది. ఆ తర్వాత ఖవ్వాలీ పెట్టేవాణ్ణి. ఎడమచేతి వేళ్ళు మంచంపట్టెమీద తాళం వేసేవి. మాట మాత్రం రాలేదు.

ఒకనాడు నేను రగ్బీ చూస్తూ, అలవాటుకొద్దీ వ్యాఖ్యానం చెబుతున్నాను. దాదా చాలాసేపు తెరవంక చూచి, ముద్దముద్దగా అయినా స్పష్టంగానే అన్నారు: “ఉల్టా... ఉల్టా ఇస్తున్నాడేంది బేటా!” వంటింట్లోంచి అమ్మ చెంచా పట్టుకొనే పరుగెత్తి వచ్చింది.

పరీక్షలు దగ్గరపడగా ఆటలు, పాటలు, జోకులు ఏమిటని బంధువులు మందలిస్తూనే ఉన్నారు. సోదర విద్యార్థులారా, చదువును నేను తక్కువ చేయడం లేదు. కాని ఈ మూడింటినీ ‘కాలక్షేపం’ అనే ఒక్క మాటలో కొట్టివేయడం నాకు సమ్మతం కాదు. ఆ సాయంత్రాలు లేకపోతే మా ఇంట మాట్లాడుకోవడానికి రోగం తప్ప మరేమున్నది?

ఇప్పుడు దాదా పూర్తి వాక్యాలే పలుకుతున్నారు. అందులో సగం తిట్లే. బంతిని చంకలో పెట్టుకొని పరుగెత్తేవాడు ఆటగాడు కాడట, పుచ్చకాయల దొంగట! రహీం సాహెబు చూస్తే ఈల ఊది అందరినీ ఇంటికి పంపేవారట. అయినా శనివారం వచ్చిందంటే చాలు, నాకన్న ముందే దిండు ఎత్తు చేయించుకొని ఫోను ఎక్కడుందని అడుగుతారు.