బడి పళ్ళెంలో రాగులు

ధర్మపురి జిల్లాలో రాగులంటే తెలియని పల్లె ఉండదు. మంగళవారం నాడు కారిమంగళం సంతకు వెళ్ళి చూడండి. కొబ్బరికాయల రాసులూ, ఆవుల బేరాల సందడీ దాటి వస్తే, గోనెపట్టల మీద రాగులు, సామలు, ఉలవలు, అలసందలు పోసుకుని కూర్చున్నవాళ్ళు కనిపిస్తారు. అయినా ఈ ఊళ్ళో చిన్నపిల్లల బడిసంచి తెరిస్తే ఆ గింజల వాసన తగలదు. ఉప్పూకారం చల్లిన గొట్టాలున్న రంగురంగుల పొట్లం ఒకటి తగులుతుంది. అయిదు రూపాయల పొట్లం. తల్లీతండ్రీ కట్టడం పనులకు బెంగుళూరు పోతూ అవ్వ చేతిలో పెట్టిపోయిన డబ్బులో పిల్లవాడి వాటా అది.

మా వీధి చివర అలాంటి అవ్వ ఒకామె ఉంది. మనవడు మూడో తరగతి. ఒకనాడు నేనే మాట తీశాను.

"అవ్వా, ఇంటినిండా రాగులు పెట్టుకొని పిల్లోడికి పొట్లాలు కొనిస్తావేమి?"

"ఏం చెయ్యమంటావప్పా! సంగటి ముట్టడు. నల్లగా ఉందంటాడు. బడికి కట్టిస్తే పక్క పిల్లోళ్ళు నగుతారంట. ముసలిదాన్ని, ఎంతసేపని వాడితో పోట్లాడేది?" అంది. ఆ మాట అంటూనే చాటలోని రాగుల్లో మట్టిబెడ్డలు ఏరుతోంది. నలుగురు బిడ్డల్ని ఆ గింజలతోనే పెంచిన మనిషి. ఆమె పెంచిన కూడే ఈనాడు ఆమె ఇంట్లో తలవంపు అయింది.

బడిపిల్లల తిండి గురించి పట్నాల్లో జరిగే ఉపన్యాసాలు వేరు. అక్కడ పిల్లలు ఒళ్ళు చేస్తున్నారని బెంగ. మా పక్క పేదల బడుల్లో పిల్లలు బక్కపలచగానే ఉంటారు. పొట్లాలు మాత్రం పట్నం దాకా ఆగకుండా ఇక్కడికీ వచ్చేశాయి. ఇంటర్వెల్లులో పొట్లంతో ఆకలి చంపుకున్న పిల్లవాడు మధ్యాహ్నం సగం అన్నం వదిలి లేస్తాడు. డబ్బూ పోయింది, పుష్టీ పోయింది.

బడిలో కూడు పెట్టాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. దాని మొదట్లో ఒక తెలుగువాడు ఉన్నాడని మన పిల్లలకు మనం చెప్పం. 1920లో మద్రాసు కార్పొరేషను అధ్యక్షుడుగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి, థౌజండ్ లైట్స్ లోని కార్పొరేషను బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఫలహారం పెట్టించాడు. ఒక్కో పిల్లవాడికి రోజుకు అణా మించకూడదని లెక్క. ఆయన దేవాంగుల ఇంట పుట్టినవాడు. పేదపిల్లలు బడికి రాకపోవడానికి ఆకలే కారణమని నూరేళ్ళ కిందటే గుర్తించారన్నమాట.

తరువాతి కథ తమిళనాట అందరికీ తెలిసిందే. 1956లో కామరాజు మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతటికీ తెచ్చాడు. 1982 జూలై 1న ఎం.జి.ఆర్. దాన్ని పెంచి సత్తుణవు పథకం చేశాడు. 1989లో కరుణానిధి కాలంలో గుడ్డు వచ్చింది, అది రానురాను వారానికి అయిదయింది. దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటా వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది 2001 నవంబరులో. అప్పటికే ఇక్కడ ఒక తరం ఆ అన్నం తిని పెద్దదయింది. 2022 సెప్టెంబరు 15న మదురైలో ఉదయం ఫలహారం మొదలైంది. 2023 ఆగస్టు 25 నుంచి అది ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ వచ్చింది. ఉప్మా, కిచిడి, పొంగలి, పక్కన సాంబారు.

ఉదయం ఫలహారం విలువ తెలియాలంటే అంతకుముందు ప్రార్థన సమయాన్ని చూసి ఉండాలి. ఎండలో వరుసగా నిలబెట్టి చేతులు పైకి, కిందికి అంటుంటే ఎవరో ఒక పిల్ల కళ్ళు తిరిగి కూలబడేది. నీళ్ళు చల్లి నీడన కూర్చోబెట్టేవారు. తల్లి తెల్లవారుజామునే కూలికి పోయి ఉంటుంది. పిల్ల రాత్రి తిన్నదే తిండి. ఖాళీ కడుపుతో చేయించే వ్యాయామం శిక్షతో సమానం. పేదల బడిలో వ్యాయామం గురించి మాట్లాడేవారు ముందు పొయ్యి గురించి మాట్లాడాలి.

ఇక రాగుల సంగతి. నూరు గ్రాముల రాగుల్లో మూడువందల నలభై మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో అది పది మిల్లీగ్రాముల లెక్కలో ఉంటుంది. ఈ తేడా మా జిల్లాకు మరీ ముఖ్యం. ఇక్కడి భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్ళమీద గోధుమరంగు చారలు పడిన పిల్లలు మాకు వింత కాదు. 1937లో నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి లోకానికి చెప్పిన జబ్బు ఇదే; నల్లగొండ వాళ్ళకు దీన్ని వివరించనక్కరలేదు. హొగెనకల్ నుంచి కావేరి నీళ్ళు తెచ్చే పథకం 2013లో ప్రారంభమై కొంత మేలు చేసింది. అయితే నీటి సంగతి నీటిదే, తిండి సంగతి తిండిదే. కాల్షియం తక్కువైన ఒంటి మీద ఫ్లోరైడు దెబ్బ గట్టిగా పడుతుంది. ఎముకలు ఎదిగే వయసులో మా పిల్లలకు ఏ గింజ కావాలో ఆ గింజే మా నేలలో పండుతోంది.

ఇలాంటి లెక్కలు తేల్చిన పరిశోధన కూడా మన పక్కనే పుట్టింది. 1918లో కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడు చిన్న గదిలో మొదలుపెట్టిన పనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. కూనూరులో ఆయన దేశంలోని వేరువేరు ప్రాంతాల తిండి ఎలుకలకు పెట్టి చూశాడు. గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్నవి దిట్టంగా ఎదిగాయి. పాలూ పప్పూ అంతంత మాత్రంగా, తెల్లన్నమే ఎక్కువగా ఉన్న మద్రాసు తిండి తిన్నవి వెనకబడ్డాయి. పాలిష్ బియ్యాన్ని గొప్పకు గుర్తుగా చేసుకున్న మనం ఆ ఎలుకల కథ ఒకసారి తలుచుకోవాలి.

ఇరుగుపొరుగులు కదిలారు. 2023లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో రాగిజావ మొదలుపెట్టారు. బెల్లం, వేరుసెనగల చిక్కీ అంతకుముందే ఉంది. 2024లో కర్ణాటక బడుల్లో పాలతో పాటు రాగిపిండి కలిపి ఇవ్వడం మొదలైంది. మన రాష్ట్రంలోనూ 2023లో నీలగిరి, ధర్మపురి జిల్లాల్లో రేషను బియ్యంలో రెండు కిలోలకు బదులు రాగులు ఇవ్వడం మొదలుపెట్టారు. గింజ ఇంటిదాకా వచ్చింది. నేను చూసిన బడి పళ్ళేల్లో మాత్రం అది కనపడలేదు. బడిలో అందరితో కలిసి కూర్చుని తింటే పిల్లవాడు దాన్ని నల్లదని అనడు. నగే పక్క పిల్లవాడి పళ్ళెంలోనూ అదే ఉంటుంది కదా!

ఆటల విషయానికి వద్దాం. అణా ఫలహారం పుట్టిన 1920లోనే, అదే మద్రాసులో, హ్యారీ బక్ అనే ఆయన వై.ఎం.సి.ఎ. తరపున వ్యాయామ శిక్షణ కళాశాల పెట్టాడు. దేశంలో డ్రిల్లు మాస్టర్లకు చదువు నేర్పిన తొలి చోటు అది. అన్నం చిన్నబడి దాకా నడిచి వచ్చింది. డ్రిల్లు మాస్టరు పెద్దబడి దగ్గరే ఆగిపోయాడు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ఆటసామాను ఉండాలంటుంది. వ్యాయామం నేర్పేవారిని మాత్రం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకే, అదీ నూరుమంది దాటిన బడికే, పూటపని మీద అడుగుతుంది. ఒకటి నుంచి అయిదు దాకా అడగనే లేదు. అయిదు తరగతులకు ఇద్దరు టీచర్లున్న బడిలో ఆటల గంట లెక్కల గంటగా మారడంలో ఆశ్చర్యం ఏముంది?

పిల్లలు రోజుకు గంటసేపైనా ఒళ్ళు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మగపిల్లలు ఎలాగో ఆడుకుంటారు. నా బెంగంతా ఆడపిల్లల మీద. తొమ్మిదేళ్ళు నిండేసరికి చంకన చెల్లెలో తమ్ముడో ఎక్కుతారు. సాయంత్రం నీళ్ళబిందె. వాళ్ళు ఒళ్ళు వంచడం లేదని ఎవరూ అనలేరు. అదంతా చాకిరి, ఆట కాదు. ఆ పిల్ల నవ్వుతూ పరుగెత్తగలిగే చోటు బడి బయలు ఒక్కటే. కుంటాటకు, తొక్కుడుబిళ్ళకు, కోకోకు, చెడుగుడుకు డబ్బు అక్కరలేదు. సుద్దముక్కతో గీసిన గీతలూ, చూస్తూ నిలబడే పెద్దమనిషి ఒకరూ చాలు.

ఈ ఆటల పేర్లు రాస్తుంటే మరో దిగులు కలుగుతోంది. 2006 చట్టం తరువాత తమిళం మన పిల్లలందరి బడి భాష. నేర్వవలసిందే, బతుకు ఇక్కడే కదా. కానీ ఇంట్లో మిగిలిన కాస్త తెలుగూ ఎక్కువగా పొయ్యి దగ్గరే మిగిలింది. సంగటి పోతే సంగటి అన్న మాటా పోతుంది. ఉలవచారు, పొన్నగంటి కూర, అంబలి, కొర్రన్నం కూడా అంతే. పక్కింటి తమిళ పిల్లవాడు కళి అని తింటే, మన పిల్లవాడు సంగటి అని తింటాడు. ఒకే ముద్దకు రెండు పేర్లు తెలిసిన పిల్లలు ఏమీ నష్టపోరు.

చేయదగినదేమిటంటే, విద్యాహక్కు చట్టం ప్రతి ప్రభుత్వ బడికీ ఒక నిర్వాహక సంఘం ఉండాలంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్ళు. ఈ సమావేశాలకు మనవాళ్ళు వెళ్ళి సంతకం పెట్టి వచ్చేస్తారు. ఇకమీదట నోరు విప్పి మూడు మాటలు అడగాలి. వారానికి రెండు రోజులైనా రాగిజావో, సంగటో పెట్టించమని ఒకటి. రాగులు మొలకగట్టి ఆరబెట్టి విసిరితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఆ పని ఈ ఊరి అవ్వలకు ఎవరూ నేర్పనక్కరలేదు, పిలిస్తే వాళ్ళే వచ్చి చూపిస్తారు. ఆటల గంట ఆటలకే, ఆడపిల్లలతో సహా, అని రెండోది. బడి గేటు ముందు పొట్లాల అంగడికి బదులు ఉడకబెట్టిన అలసందలో, చెనక్కాయలో అమ్ముకునే మనిషికి చోటివ్వమని మూడోది.

మూడూ చిన్న మాటలే. అడగడానికి డబ్బు ఖర్చు లేదు. తెలుగులో అడిగినా సరే, తమిళంలో అడిగినా సరే, వచ్చే సమావేశంలోనే అడగండి.