పంటిలో దాగిన వాన

ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పేరు చెప్పగానే మీకు ఎవరు గుర్తుకొస్తారు? మా సుభాష్‌పల్లిలో ఎవరినడిగినా ఇంజనీర్లనే చెబుతారు. రైల్వే పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు మావి. మా పిల్లవాడు ఆ గేటు లోపల చదవాలి అని చాలా ఇళ్ళలో ఆశ ఉంటుంది. అయితే ఆ గేటు లోపలే, పశువుల పళ్ళను ముందు పెట్టుకుని వేల ఏళ్ళ కిందటి వానలను అంచనా కట్టినవారు ఉన్నారని చెబితే మీరు నమ్ముతారా? ఆ చదువు పేరు పురావస్తు విజ్ఞానం. నేను చదివినది అదే కాబట్టి, దాని గురించి మీకు చెప్పాలనిపించింది.

హర్యానాలో భిర్రానా అనే ఊరుంది. అక్కడ భారత పురావస్తు సర్వేక్షణ శాఖ తవ్వకాలు జరిపింది. హరప్పా నాగరికతకు చెందిన ఇళ్ళు, కుండలతోబాటు ఆవులు, మేకలు, జింకల ఎముకలు, పళ్ళు దొరికాయి. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. భూవిజ్ఞాన విభాగానికి చెందిన అనింద్య సర్కార్, మరికొన్ని సంస్థల శాస్త్రవేత్తలు కలిసి వాటిని పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రచురించారు.

పంటికి, వానకు సంబంధం ఏమిటంటారా? నీటిలో ఆక్సిజన్ ఉంటుందని మీరు చదివే ఉంటారు. ఆ ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం తేలికది, కొద్ది భాగం బరువైనది. వీటినే ఆక్సిజన్ 16, ఆక్సిజన్ 18 అంటారు. రుతుపవనాలు బలంగా ఉండి వానలు దంచి కొట్టిన కాలంలో, వాన నీటిలో బరువైన ఆక్సిజన్ పాలు తగ్గుతుంది. ఆ నీరు తాగిన పశువు పంటిలో ఆ గుర్తు నిలిచిపోతుంది. మాంసం, చర్మం మట్టిలో కలిసిపోయినా పంటిపై ఉండే గట్టి పొర చెడకుండా ఉంటుంది. దాని నుంచి కొంచెం పొడి గీకి, రసాయనాలతో శుద్ధి చేసి, మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంలో కొలుస్తారు.

అలా కొలిచినప్పుడు తేలింది ఇది: ఆ ప్రాంతంలో సుమారు 7,000 ఏళ్ళ కిందటి నుంచి వానలు క్రమంగా తగ్గుతూ వచ్చాయి. అయినా జనం ఊరు వదిలి పోలేదు. గోధుమ, బార్లీ మీదే ఆధారపడకుండా, తక్కువ నీటితో పండే చిరుధాన్యాల వంటి పంటల వైపు మళ్ళి ఉంటారని ఆ శాస్త్రవేత్తలు భావించారు. భిర్రానా ఎంత పాతదనే విషయంలో మాత్రం వారు చెప్పిన కాలాన్ని పండితులందరూ ఒప్పుకోలేదు. ఈ చదువులో అది మామూలే. యంత్రం అంకెను ఇస్తుంది. ఆ అంకెకు అర్థం చెప్పే దగ్గరే వాదమంతా మొదలవుతుంది.

మన తెలుగు నేల సంగతి చూద్దాం. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అనే పల్లె ఉంది. (ఆదిలాబాదు ఉట్నూరు వేరు.) అక్కడా, బళ్ళారి ప్రాంతంలోనూ పెద్ద పెద్ద బూడిద దిబ్బలున్నాయి. రాక్షసులను కాల్చిన బూడిద అని జనం చెప్పుకునేవారు. ఇనుము కరిగించిన చోటని కొందరు, అగ్నిపర్వతం పని అని కొందరు అనుకున్నారు. 1957లో ఆల్చిన్ అనే ఆంగ్లేయుడు ఉట్నూరులో తవ్వినప్పుడు, కంచె గుంజలు పాతిన గుంతలు, పశువుల గిట్టల ముద్రలు కనిపించాయి. బళ్ళారి దగ్గర కుడతిని దిబ్బ బూడిదను జాయ్‌నర్ అనే శాస్త్రవేత్త లండన్‌లో పరీక్షించి, అది కాలిన ఆవుపేడే అని 1960లో తేల్చాడు. నాలుగైదు వేల ఏళ్ళ కిందటి పశువుల దొడ్లు అవి! తర్వాత, తెలుగువాడైన కాట్రగడ్డ పద్దయ్యగారు కర్ణాటకలోని బూదిహాళ్ దిబ్బను ఏళ్ళ తరబడి తవ్వి, ఆ పశుపాలకుల జీవితాన్ని మరింత వివరంగా బయటపెట్టారు. ఆయన పుణేలోని డెక్కన్ కళాశాలలో పరిశోధన చేసి, తర్వాత ఆ సంస్థకే సంచాలకులయ్యారు.

పిడక ఎలా కాలుతుందో, దాని బూడిద ఎలా ఉంటుందో మీలో చాలామందికి నేర్పనక్కరలేదు. మాకు తరగతిలో నేర్పిన ఒక పని చెబుతాను. తవ్విన మట్టిని నీళ్ళలో వేసి కలిపితే, మాడిన గింజలు పైకి తేలతాయి. వాటిని సన్నని జల్లెడలోకి వంపుకోవాలి. ఇంగ్లీషులో దానికి పెద్ద పేరుంది. నాకు మాత్రం మా అమ్మ బియ్యం గాలించడమే గుర్తొచ్చింది. రాళ్ళు అడుగున, బియ్యం పైన!

మా వీధిలో బడి మానేసి, ఆరేళ్ళ తర్వాత మళ్ళీ పుస్తకం పట్టిన ఒక అమ్మాయి నన్ను అడిగింది: “మాస్టారూ, ఇది చదవాలంటే నేను ఎక్కడ మొదలుపెట్టాలి?” పక్కనే ఉన్న వాళ్ళ నాన్న, “ముందు ఉద్యోగం వస్తుందో లేదో చెప్పండి బాబూ” అన్నాడు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఇంటర్ స్థాయికి రెండేళ్ళు, డిగ్రీకి కనీసం మూడు, ఎం.ఏ.కు రెండు, ఆపైన పరిశోధన అంటే మరికొన్నేళ్ళు. ఉద్యోగాలు తక్కువే. పురావస్తు శాఖలు, మ్యూజియములు, విశ్వవిద్యాలయాలు, అంతే. కేంద్ర పురావస్తు శాఖలో రసాయన శాస్త్రవేత్తల విభాగం 1917 నుంచి ఉన్నా, అందులోనూ ఖాళీలు ఎప్పుడో గాని పడవు. ఇది దాచిపెట్టి ఆ తండ్రిని ఒప్పించడం నాకు ఇష్టం లేకపోయింది. రసాయన శాస్త్రం వచ్చినవారికి మాత్రం వేరే లాబొరేటరీల్లోనూ పని దొరుకుతుంది. ఆ మాట కూడా చెప్పాను.

పురావస్తు శాస్త్రం ఎం.ఏ.కు చరిత్ర డిగ్రీయే ఉండాలని అన్నిచోట్లా నియమం లేదు. కాని లాబొరేటరీ వైపు వెళ్ళాలంటే విజ్ఞాన శాస్త్రం తప్పదు. మన సార్వత్రిక విద్యలో రసాయన శాస్త్రాన్ని, చరిత్రను పక్కపక్కనే ఎంచుకునే వీలుంది. మామూలు కాలేజీల్లో ఈ వీలు అరుదు. ప్రయోగ తరగతులకు మాత్రం స్టడీ సెంటరుకు తప్పకుండా వెళ్ళాలి. పుస్తకంలో ఆమ్లం గురించి ఎంత చదివినా, గాజు గొట్టం చేత్తో పట్టుకుంటేగాని పని రాదు.

ఆ అమ్మాయి దరఖాస్తులో రెండూ రాసింది. ఇంగ్లీషు సంగతి డిగ్రీలో చూసుకుంటానంది. నేను ఒప్పుకోలేదు. పై చదువుల పుస్తకాలన్నీ ఆ భాషలోనే ఉన్నాయి కాబట్టి, రోజుకు ఒక పేజీ చొప్పున ఇప్పుడే మొదలుపెట్టమన్నాను. ఆదివారాలు వస్తోంది.